మందెయ్యని సాలు

కొండపి అవతల, మూడో విడత సర్వే.
చీటీల్లో మేకలొచ్చిన ఊరు కాదిది,
రాని ఊరు.

కర్రకు పొగాకు అల్లుతూనే
జవాబులు చెబుతోంది మాలకొండమ్మ.
పోయిన వారం కూర ఎన్ని పూటలు?
అప్పెంత? ఎవరి దగ్గర?
గుడ్డు వండి ఎన్నాళ్ళైంది?
నా టాబ్‌లో గడులు నిండుతున్నాయి.
ఆమె వేళ్ళ మీద జిగురు, నల్లగా.

"మేకలేమో ఏటవతలోళ్ళకిచ్చి
లెక్కలు మమ్మల్నడుగుతావేందబ్బయా?"

శిక్షణలో బట్టీ పట్టించిన జవాబుంది.
నోరు తెరిచేలోపే ఆమే అంది:

"కొత్త మందు తెచ్చిన ఏడు మా రైతు
ఒక్క సాలు ఎయ్యకుండా ఇడిచిపెట్టాడు.
పన్జేసిందో లేదో తెలియాలిగా.
ఆ సాలుక్కూడా నేనే కలుపు తీశా,
నేనే నీళ్ళు మోశా.
ఆకు పలచన. బోర్డులో రేటు రాలా.
దాన్ని చూసేగా
మందు సంగతి తెలిసింది."

పురికొస బిగించింది.

"మేమేగా ఆ సాలు?
పై ఏడు దానిక్కూడా ఏశాళ్ళే మందు.
మీ సార్లకి చెప్పు."

రిమార్కుల గడిలో
ఎనభై అక్షరాలే పడతాయి.
మొదట్నుంచీ రాసుకొచ్చాను.
'పై ఏడు' దగ్గర
ఆగిపోయింది.