మెత్తని కిరణం

గోపాలపురం ఒడ్డు నుంచి
మైలపల్లి దానయ్య సైకిలు మీద తెచ్చాడు దాన్ని,
చేపల బుట్టలో, మంచు పొరల మధ్య,
బోండాం అంత అల్యూమినియం డబ్బా.
వెనకాల రిక్షాలో ఒక ఒడియా అమ్మాయి,
చీర కుచ్చెళ్ళ దాకా ఇసక.

"ఆరనివ్వకండి" అంది, అదే మొదటి మాట.
ఆ సంగతి నాకు తెలుసు.
తడిసిన ఫిల్ము తడిగా ఉన్నంతసేపే మనది,
ఆరిందా, ఒకదాన్నొకటి కరుచుకుని చస్తాయి.

బరంపురం పెద్దాసుపత్రిలో డార్క్‌రూమ్ మనిషిని.
పట్టపగలు చీకటి నా కొలువు.
ఆ పూట పట్టు నేసే కొరాడ గురువులు ఛాతీ
అప్పుడే క్లిప్పుకి వేలాడుతూ నీళ్ళు కారుస్తోంది.

అమ్మాయి పేరు సుచరిత పాణిగ్రాహి.
రాకెట్టు పైకి పోయిందట, ముక్కులో దుర్భిణితో.
గాలి అయిపోయిన చోట
అయిదు నిమిషాలు సూర్యుడి వంక చూసి
గొడుగు విప్పుకుని సముద్రంలో పడిందట.
పడాల్సిన చోట పడలేదు.
దానయ్య వలలో పడింది. వల పోయింది.

"మా మిషను కిరణం మనిషినే దాటిపోతుంది గదమ్మా,
సూర్యుడిది గాలిని దాటలేదా?"
"మీది గట్టిది. ఆయనది మెత్తనిది."
లక్షల డిగ్రీల వేడిలో పుట్టినదాన్ని
మెత్తనిదనడం అప్పుడే విన్నాను.

ఎదురుగా అద్దం పెడితే అందులోకే ఇంకిపోతుందట,
ఒరుసుకుంటూ పోనిస్తేనే దారి మళ్ళుతుందట.
వరండాలోంచి దానయ్య అందుకున్నాడు:
"అంతే గదా తల్లీ! ఉప్పుటేట్లో మా గుంటలు పెంకులిసరరా?
నిలువునేస్తే ములిగిపోద్ది,
పడుకోబెట్టేస్తే కప్పలాగ గెంతుకుపోద్ది."
తెలుగు ఎంత అందిందో గాని
గాలిలో అతని చెయ్యి చూసి
"సేయా, సేయా" అంది సుచరిత.

వైశాఖం. డెవలపరు కాగిపోతోంది.
దానయ్య మంచే తొట్టి చుట్టూ పేర్చాం,
గదంతా చందువా వాసన.
ఎర్ర దీపం కూడా వద్దంది.
గడియారం కనపడని చీకట్లో నోటిలెక్కే దిక్కు,
నేను తెలుగులో, ఆమె ఒడియాలో,
ఒకటి, ఎకొ, రెండు, దుయి...
అయిదు నిమిషాలు. పైన చూసినంతసేపు.
నూట నలభై దగ్గర నాకు లెక్క తప్పింది.
చెప్పలేదు.
ఆమె గొంతు పట్టుకుని నడిచాను.

ఏడింట్లో ఆరింటిని ఉప్పు తినేసింది.
ఏడోదాన్ని దీపానికి ఎత్తి పట్టాం.

గుండ్రంగా ఉంటాడనుకున్నాను.
అంచే లేదు. జడ విప్పుకున్నట్టు
నల్లటి పాయలు, వంపులు, మెలికలు,
నడినెత్తి నుంచి కిందికి ఒక్క చోట మాత్రం
ఏమీ లేదు, తెల్లగా, మాసిక వెయ్యని చిరుగులా.

తెల్ల మచ్చంటే నాకు ఒకటే అర్థం.
పక్కనే గురువులు కుడి ఊపిరితిత్తి పైన
పాత అణా అంత ఉంది.
"జబ్బేనా?" అన్నాను.
ఆమె నవ్వలేదు.
"గాలి అక్కడి నుంచే వస్తుంది" అంది, "మన దాకా."
రెండు ఫిల్ములూ ఒకే ట్రేలోకి చుక్కలు రాల్చాయి.

హైపోకి లెక్క చెప్పాలి గనక రిజిస్టరులో రాశాను.
పేరు: సూర్యుడు. వయసు: చెప్పలేదు.
భాగం: ఛాతీ.
ఎవరు పంపారు: దానయ్య.
నెలాఖరుకి సూపరింటెండెంటు మెమో ఇచ్చాడు,
దాచుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఆమె రాత్రి కలకత్తా మెయిలెక్కింది.
వల ఖరీదు సంగతి తొందరలో ఎవరూ ఎత్తలేదు,
నేను కూడా.
బల్ల మీద నిద్రపోతున్న దానయ్యని లేపాను.
"అవుపడ్డాడేటి?"
"ఒక్కటే వచ్చింది."
"ఒక్కటి చాల్దేటి" అని
బుట్ట బోర్లించి, మిగిలిన మంచు మెట్ల మీద దులిపి
సైకిలెక్కాడు.

గురువులుకి సోమవారం నుంచి సూదులు మొదలెట్టారు.
ఆ మెట్లు మాత్రం
తెల్లారిన కాసేపటికే ఆరిపోయాయి.