జెండా చేపలు

దేవదూతలని పేరు పెట్టినవాడెవడో
వీటికి ఒక్కపూట కూడా మేత వేసి ఉండడు.
మా మనాస్‌లో వీటిని జెండా చేపలంటాం.
అదీ పేరంటే.
జెండా అన్నాక
ఎక్కడో ఒకచోట పాతుకోకుండా ఊరుకోదు.

బొటనవేలి గోరంత ఉన్నప్పుడు ఆరు కొన్నాను.
ఒకే వైపు తిరిగి, ఒకే వైపు ఆగి
బడిపిల్లల వరసలా ఉండేవి.
ఎనిమిదో నెలలో రెండు జతకట్టాయి.
ఫిల్టరు గొట్టాన్ని నోళ్ళతో తోమడం మొదలెట్టాయి,
గుడ్లకు చోటు.
ఆ సాయంత్రానికి అద్దాల పెట్టెలో సగం వాటిది,
తెల్లారేసరికి ముప్పాతిక.
మిగతా నాలుగూ పై మూలన
బుడగల చాటున
ఊపిరి బిగబట్టుకుని నిలువునా వేలాడేవి.

చెయ్యాల్సినవన్నీ చేశాను.
రాళ్ళూ కొయ్యముక్కా తీసి చోట్లు మార్చాను,
ఇల్లు మారితే సరిహద్దులు మరిచిపోతాయని.
గంటలో కొత్త సరిహద్దులు వచ్చాయి,
పాతవాటికంటే వంకరగా.
దీపం తగ్గించాను.
మేత రెండు కొసల్లోనూ చల్లాను.
పొడుగాకుల మొక్కలు నాటాను.
"కంటికి కనబడకపోతే సగం కోపం చస్తుంది"
అన్నాడు చేపల కొట్టు ఒస్మారినో.
అతని ఇద్దరు మాజీ భార్యలూ అతనుండే వీధిలోనే ఉంటారు,
అతని మాట తీసెయ్యలేం.

అన్నిట్లోకీ చిన్నదాని తోక పేలికలైంది.
పిండి జల్లెడతో దాన్ని పట్టి
బకెట్లో వేసి
వంటింట్లో పెట్టాను, గీతకు నా వైపు.

గీత సంగతి చెప్పాలి.
మా వంటింట్లో నేలమీద ఎర్రటేపు ఉంది.
ఫ్రిజ్‌లో పై అర నాది, కింది అర మా చెల్లెలు జులైదిది.
తమ్ముడు పోయాక వాడి పడవ పంచుకున్నాం.
ఇంజను నాకు, పడవ తనకి.
మూడేళ్ళుగా
ఇంజను లేని పడవ ఒడ్డున ఎండుతోంది,
పడవ లేని ఇంజను నా మంచం కింద నూనె కారుస్తోంది.

బకెట్ తీసుకుని నది దాకా వెళ్ళాను.
వదిలేద్దామనే.
నల్లటి నీళ్ళు, మునిగిన చెట్లు,
దాని జాతి పుట్టిందే అక్కడ.
కానీ ఇది ఎక్కడో దక్షిణాన గాజుతొట్లో పుట్టింది,
దీని అమ్మమ్మ కూడా నదిని చూసి ఉండదు.
బకెట్లో అది
మా పెట్టె కొలతకే తిరుగుతోంది,
లేని అద్దం దగ్గర ఆగి, వెనక్కి.

నదిలోనూ పొడుచుకుంటాయి, నాకు తెలుసు.
కాకపోతే నదిలో ఓడినదానికి
వెళ్ళడానికొక చోటుంటుంది.
నా నూటిరవై లీటర్లలో
ఓటమికి ఒక మూల,
ఆ మూలకీ అద్దం.
చేపల తప్పేముంది?
చిన్న పెట్టె కొన్నది నేను.

వాన మొదలైంది. బకెట్ తోనే తిరిగొచ్చాను.

మూడో రోజు ఆ జంట
తమ గుడ్లు తామే తినేసింది.
ఇంత యుద్ధమూ దేనికని నేను నిలబడి చూస్తుంటే
మళ్ళీ గొట్టం తోముతున్నాయి.

ఆ మర్నాడు లేచేసరికి
బకెట్ పెట్టిన చోట లేదు.
గీతకు అవతల,
జులైది కిటికీ కింద నీడలో ఉంది.
నీటిమీద వానతొట్టిలోని దోమపిల్లలు
మెలికలు తిరుగుతున్నాయి, నిన్నా మొన్నా వేసినవి కావు.
చేప ఒక్కోదాన్నీ నింపాదిగా,
పక్కన ఎవరూ లేరని తెలిసినట్టు, మింగుతోంది.
తోక అంచున కొత్త పొర,
గాజుకంటే పల్చగా.

నేనేమీ అడగలేదు.
తను గిన్నెలు కడుగుతూనే ఉంది,
ఎప్పటికంటే ఎక్కువ చప్పుడుతో.

పెద్ద పెట్టె కొనాలంటే డబ్బు కావాలి.
సాయంత్రం మంచం కింద నుంచి ఇంజను లాగాను,
ఒస్మారినో బావమరిది కొంటానన్నాడు.
గుమ్మం దాకా ఈడ్చేసరికి నడుం పట్టేసింది.
రెండో కొస తేలికైంది.
చూస్తే జులైది,
చేతులకింకా సబ్బునురగ.

కొట్టుకి వెళ్ళాలంటే ఎడమకి.
ఒడ్డుకి కుడికి.
బరువు మోస్తూ
ఇద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం.