లాకు రిజిస్టరులో ఒక క్రియ

నేను లొల్ల లాకుల దగ్గర లస్కరుని, ఇరవై రెండేళ్ళుగా.
ఈ మాటలో క్రియ ఎక్కడుంది మావయ్యా? అంది కెజియా.
వెతికాను. లేదు.
మనకి అక్కర్లేదు,
ఇంగ్లీషులోకి దిగితే మాత్రం మధ్యలో 'యామ్' అని ఒకదాన్ని వెయ్యాలట,
అది ఏ పనీ చెయ్యదట,
అటునీ ఇటునీ కలిపి ఉంచుతుందంతే.
గోడకీ గోడకీ మధ్య మేం నడిచే బల్లలాగానా? అన్నాను.
ఆయ్, అంది. తన నోట్సులో రాసుకుంది కూడా.

మా బావమరిది కూతురు. రాజమండ్రిలో బీయెడ్.
శనివారం బస్సు దిగి, జోడు చేత్తో పట్టుకుని
గట్టు మీద నడిచొస్తుంది.
ఏప్రిల్‌లో నాకు డిపార్టుమెంటు పరీక్ష.
పాసైతే వర్క్ ఇన్‌స్పెక్టరు,
లేకపోతే ఇదే గునపం, ఇదే గ్రీజు డబ్బా.

నీళ్ళు పారతాయి. దేన్ని?
దేన్నీ కాదు, అది అకర్మకం.
లస్కరు ఎత్తాడు. దేన్ని?
తలుపుని. అది సకర్మకం.
ఎత్తేవాడు లేకపోతే పారేదెక్కడిది? అన్నాను.
పుస్తకం తిరగేసింది.
ఆ ప్రశ్న అందులో లేదు.

'గో' రాత్రికి రాత్రి 'వెంట్' ఎందుకైందో ఎవరూ చెప్పరట.
మనకి మాత్రం?
'రా' అని పిలుస్తాం, 'వచ్చా' అంటాడు,
ఆ 'రా' ఏ మలుపులో దిగిపోయిందో.
ఇంకో సంగతి.
నాకు ఈత వచ్చు, గేరు బిగించడం వచ్చు, ఇంగ్లీషు రాదు.
మన దగ్గర విద్య నడిచి మన దగ్గరకి రావాలి.
వాళ్ళ దగ్గర 'కెన్' అని ఓ చిన్న సాయం ముందు నడుస్తుంది,
వెనకాల అసలు పని.
ఏఈ గారి ముందు టార్చి పట్టుకుని నేను నడిచినట్టు.

మార్చి నెలాఖరు. దాళ్వా. నీళ్ళకి వంతులు.
రాత్రి పదకొండింటికి శివారు నుంచి
చిక్కాల పల్లాలమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక ఎక్సెల్ బండి.
చేను పొట్ట మీదుంది.
ఆవిడ ఏమీ అనలేదు,
రిజిస్టరు మీద ఓ ఎండిన మట్టిపెళ్ళ పెట్టింది.

ఎత్తగలను.
ఎత్తవచ్చా? ఆర్డరు లేదు.
ఎత్తాలి.
కెజియా చెప్పిన సాయం మాటలన్నీ వరసలో నించున్నాయి.
వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా పని చెయ్యదు.
గోడ మేకుకున్న హ్యాండిలు తీశాను.
నలభై రెండు చుట్లు.
అరడుగు.

ఇన్నేళ్ళూ నేను రాసింది ఒకటే మాట:
నీరు విడుదల చేయబడినది.
ఎవరిచేత? అలాంటి గడి అందులో లేదు.
'బడు' అనే చిన్న ముక్క వెనకాల
పెద్దసారు దగ్గర్నుంచి నా దాకా
అందరం ఇరుక్కుని దాక్కున్నాం.
ఆ రాత్రి మట్టిపెళ్ళ పక్కకి జరిపి
ఇంగ్లీషులో రాశాను, వంకరగా: ఐ ఓపెన్డ్.
ఐ అంటే ఒకటే నిలువు గీత,
గట్టు మీద మనిషి నించున్నట్టు.
దేన్ని? అని శనివారం అడుగుతుందని
గేట్ నెంబర్ త్రీ అని కూడా చేర్చాను.

పదో రోజున మెమో.
కెజియా పైకి చదివింది.
గమనించబడినది. తీవ్రంగా పరిగణించబడినది.
సంజాయిషీ కోరబడినది.
ఆరు వాక్యాలు, ఒక్క మనిషి లేడు.
మీ వాళ్ళకి పాసివ్ బాగా వచ్చు మావయ్యా, అంది.
నవ్వలేదు.

జవాబులో సారీ అని పెడదామా? అంది కాసేపయ్యాక.
అది క్రియేనా? అన్నాను.
కాదు.
అయితే వద్దు.

తను కాగితం మడత విప్పుతూ ఉండిపోయింది.
నేను గ్రీజు డబ్బా తీసుకుని మూడో గేటు దగ్గరకి వెళ్ళాను.
ఆ రాత్రి తిప్పినప్పుడు, ఇరవయ్యో చుట్టు దగ్గర,
కిర్రుమంది.