నోట రాని పేరు

గుణుపురం మున్సిపాలిటీ ఆఫీసులో
మూడో కిటికీ వెనక ఒకే బల్ల, రెండు పుస్తకాలు.
ఎడమ పక్కది పోయినవాళ్ళది,
కుడి పక్కది వచ్చినవాళ్ళది.
గుమస్తా ఒక్కడే. పెన్నూ ఒక్కటే.

"నాఁ కొణొ?" అన్నాడు తలెత్తకుండా.
ఒడియాలో పేరుని నాఁ అంటారు.
పదకొండేళ్ళయింది ఈ ఊరొచ్చి,
ఇప్పటికీ నాకది 'నాది' అన్నట్టే వినపడుతుంది.

నోరు తెరిచాను. పేరు రాలేదు.

అత్త పేరు కోడలు పలకకూడదు.
పెళ్ళైన మర్నాడే చెప్పింది ఆడపడుచు,
ఉప్పుజాడీ ఏ గూట్లో ఉందో చెప్పినంత మామూలుగా.
ఈయనతో 'మీ అమ్మ' అన్నాను,
పెద్దాడితో 'మీ నానమ్మ' అన్నాను.
కథలో రాజు బహుమానం ఇచ్చినప్పుడల్లా
ఆ నాణేల పేరు దాటేసి
'బంగారు బిళ్ళలు' అని చెప్పుకొచ్చాను.

మావ కూడా పలకలేదు.
ఆయనకి ఆమె నలభై ఆరేళ్ళూ 'ఒలే'.
పెరట్లోంచి ఒలే, మంచమ్మీంచి ఒలే,
ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టిన రాత్రి
ఒలే, ఇంటన్నావా.

ఆ పేరు పలికినవాళ్ళంతా బయటివాళ్ళే.
చింతపండు, పసుపుకొమ్ములు గంపల్లో పెట్టుకుని
కొండ దిగొచ్చే సవర ఆడోళ్ళు.
అబొయ్, బాగు, యాగి అని
వాళ్ళ లెక్కలోనే లెక్కపెట్టి
పైన ఓ గుప్పెడు లాక్కునేది మా అత్త.
అబద్ధమెందుకు, ఆమె తక్కెడ కాస్త ఆమె వైపే మొగ్గేది.
రేషన్ డిపోవాడు 'బొరొహాలమ్మా' అని కేకేస్తే
కార్డు బల్లమీద కొట్టి అడిగేది:
"ఎవర్తిరా బొరొహాలు? వరహాలు.
వ. పన్ను పెదవికి తగలాల."

(రాయొచ్చంట. పలకడమే కూడదు.)

నాకు నాలుగో నెల నిండినప్పుడు పోయింది.
దినాలు కాకముందే నా కడుపు చూసి
తిరిగొచ్చెస్తాదని అందరూ తేల్చేశారు.
పిల్ల పుట్టగానే గుర్తుల కోసం వెతికారు
చెవి వెనక మచ్చ, ఎడంకాలి వంకర వేలు.
ఏమీ లేవు.
ముక్కు నాది. కోపం కూడా నాదేననుకుంటా.

ఇరవయ్యొకటో నాడు ఉయ్యాల్లో వేశాం.
చెవిలో మూడుసార్లు పేరు చెప్పమని
మావని ముందుకి తోశారు.
వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.
పళ్ళెంలో కర్పూరం అయిపోతే ఇంకో బిళ్ళ వెలిగించారు.
ఎవరో నవ్వాపుకున్నారు.
చెవిలో చెప్పాల్సింది అప్పుడు ఇల్లంతా వినపడింది:
"ఒలే."
మళ్ళీ, "ఒలే."
మూడోసారి చెప్పలేదు.
గుమ్మంలోకెళ్ళి చాలాసేపు చెప్పులు వెతుక్కున్నాడు.

ఈయనేమో డ్యూటీలో. వెనక వరస పెరుగుతోంది.
ఎడమ పుస్తకం చూపించి అన్నాను:
"అందులో ఉంది, ఆగస్టు పేజీల్లో.
చూసి ఇందులోకి దించుకోండి."

గుమస్తా మొదటిసారి తలెత్తాడు.
ఏమీ అడగలేదు. పేజీలు తిప్పాడు,
ఒక వేలు ఆమె దగ్గర ఆనించి
రెండో చేత్తో కుడి పుస్తకంలో మొదలెట్టాడు.
తలకిందులుగానే చూశాను.
రాసింది బ.

"బ కాదు, వ" అన్నాను.
రెండూ ఒకటేనన్నాడు.
"ఒకటెలాగవుద్ది? పన్ను పెదవికి తగలాల.
వ. వరహాలు!"

వరసలోవాళ్ళు తిరిగి చూశారు.
అలవాటుకొద్దీ నేనూ వెనక్కి చూశాను,
తిట్టేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని.

పత్రంలో చివరికి బొరొహాలే వచ్చింది.
మావ దాన్ని మడిచి
రేషన్ కార్డున్న సంచీలోనే పెట్టాడు.

రాత్రి పిల్ల ఏడుస్తోంది.
ఒక్కదాన్నే, దీపం తగ్గించి,
పిలిచి చూశాను:
వరహాలూ, ఇంక చాలు, పడుకో.
తిట్టినట్టే వచ్చింది గొంతు.
ఆ పేరుతో మెల్లగా మాట్లాడ్డం
నాకింకా రాదు.