రెండున్నర కిలోల లెక్క

ఐసు గిడ్డంగి షట్టరు సగమే లేస్తుంది.
పదేళ్ళుగా దాని కింద వంగి దూరే పోలమ్మత్త
ఆ మంగళవారం తెల్లారి
జానెడు తక్కువ వంగింది.

టంగుమంది. అంతే.
చేతిలో తట్ట కూడా ఒలకలేదు.
నిమ్మకాయంత బొప్పి,
దాని మీద గుప్పెడు ఐసు, పైన తలగుడ్డ.
"షట్టరుకి సొట్ట పడిందేటో సూడే" అంది.
హార్బరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాకు తెలిసిన దెబ్బ వేరు.
మా సిన్నోడు లాసన్స్ బే రాళ్ళ మీద జారిన రోజు
నుదురు చిట్లి రెండు తువ్వాళ్ళు తడిసిపోయాయి.
చెప్పుల్లేకుండా పరిగెత్తాను.
రెండు కుట్లు వేసి, పేరడిగి, వేళ్ళు లెక్కపెట్టించి
ఇంటికి పంపేశారు.
అప్పట్నుంచీ నాకు
రక్తం ఎంతో భయం అంత.

అత్త బడి గడప తొక్కలేదు.
వేలం పాట అరుపుల మధ్య
సొర పావు తక్కువ మూడు కిలోలు ఎంతో
త్రాసు ముల్లు నిలబడేలోపే చెప్పేస్తుంది.

పదిన్నరకి మహారాణిపేట సారొచ్చారు.
కానాగంతలు కిలో నూట అరవై,
రెండున్నర కిలోలు,
ఐదొందల నోటు.
అత్త మూడొందలు తిరిగిచ్చింది.

సారు మంచివాడు,
రెండొందలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు.
ఆ నోట్లు చూస్తూ ఉండిపోయాను.
పక్కన కొర్లమ్మ "ఎండ" అంది.

కాసేపటికి అత్త, "ఐసు తెచ్చావేటే?"
తెచ్చానత్తా.
పొలుసు గీకుతూ మళ్ళీ, "ఐసు తెచ్చావేటే?"
మూడోసారి అడిగినప్పుడు
ఆమె అరికాలు ఐసుగడ్డ మీదే ఉంది.

తర్వాత కక్కుకుంది. చద్దన్నం పడలేదన్నారు.
ఇంకోసారి కక్కుకుంది.
"పడుకోనియ్యి, నిద్దరోతే సర్దుకుంటాది."
కాఫీపొడి అద్దమన్నారు, పసుపన్నారు,
నూకాలమ్మకి మొక్కుకోమన్నారు.
మొక్కుకున్నాను, ఆటో ఎక్కుతూ.

కేజీహెచ్ ఎత్తు ఎక్కేటప్పుడు
అత్త తల నా భుజం మీద
తడిసిన వలలా బరువెక్కుతోంది.
అత్తా, వంజరం కిలో ఎంత?
అత్తా, మన పాత పడవ పేరేంటి?
లోతునుంచి తాడు లాగినట్టు
జవాబులు ఆలస్యంగా వచ్చాయి.

క్యాజువాలిటీలో డాక్టరమ్మ చిన్నపిల్ల, పాలకొండ యాస.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు తిరిగినట్టు
ఒక కంటి నుంచి ఇంకో కంటికి టార్చి తిప్పింది.
రెండు పాపలూ ఒక్కలాగే ముడుచుకుంటున్నాయని
తనలో తనే అనుకుంది.
ముక్కులోంచి, చెవిలోంచి
నీళ్ళలాంటిదేమైనా కారిందా అంది.
మూర్ఛ వచ్చిందా? చెయ్యి పట్టు తప్పిందా?
నొప్పి తగ్గుతోందా, పెరుగుతోందా?
ఆఖర్న, ఏ మాత్రలు వాడుతోంది?

గుండెలో వాల్వు మార్చినప్పటి చీటీ తీశాను.
రక్తం పలచన చేసే మాత్ర.
ఆ పిల్ల కలం ఆగింది.
"ఇది వేసుకునేవాళ్ళకి, ఈ వయసులో,
చిన్న దెబ్బంటూ ఉండదమ్మా.
ఏమీ లేనట్టున్నా ఆ పూటే రావాలి."

స్కాను వెలుతురుకి పెట్టి చూపించింది:
పుర్రె అంచున సన్నటి తెల్లటి నెలవంక.
విదియనాడు సముద్రం మీద చూసేది,
అత్త తల లోపల.

కోతదాకా పోలేదు.
ఐదు రోజులు, గంటగంటకీ లేపి పేరడిగారు.
ఆరో రోజు తనే అడిగింది,
"నా తట్ట ఎవత్తి కాడుంది?"

షట్టరు ఇప్పటికీ సగమే లేస్తుంది.
అంచుకి పాత వల చుట్టి ఎర్రగుడ్డ కట్టాను.
అయినా ఎవడో ఒకడు గుద్దుకుంటాడు.
ఆపి అడుగుతాను: నూట అరవై, రెండున్నర కిలోలు?
నాలుగొందలంటే వదిలేస్తాను.
మధ్యాహ్నం మళ్ళీ అడుగుతాను,
రాత్రి వాళ్ళావిడకి ఫోను చేస్తాను.
తిట్టుకుంటారు.

ఆ సారు ఇచ్చిన రెండొందలు
అత్త ఇప్పటికీ పుచ్చుకోలేదు.
తనెప్పుడూ లెక్క తప్పలేదట.
నా కొంగు ముడిలోనే ఉన్నాయి.
కేజీహెచ్‌కి ఆటోకి సరిపోతాయి.