ఆరో గడి

మాస్కు మాకు కొత్త కాదు.
మార్కాపురం పలకల షెడ్డులో
రంపం కింద రాయి అరిచినంతసేపూ
ముక్కుకి కట్టిన తువ్వాలే ఊపిరి.
సాయంత్రం విప్పితే
మూతి వరకే మనిషి, పైనంతా రాయి.

ఎడంగా ఉండటమూ కొత్త కాదు, నా వరకూ.
పదమూడో ఏట బళ్ళో పడ్డాను.
కళ్ళు తెరిచేసరికి
నా చుట్టూ గుండ్రంగా ఖాళీ నేల,
దాని అంచున వరసగా పిల్లల కాళ్ళు.
చేతిలో ఎవరిదో తాళంచెవుల గుత్తి,
ముక్కు దగ్గర చితికిన ఉల్లిపాయ.
ఆరడుగుల గీత గీయడం
లోకం మొన్న నేర్చుకుంది.

అప్పట్నుంచీ
రాత్రి అందరూ పడుకున్నాక
కుంకుడుకాయల డబ్బాలోంచి ఒక మాత్ర.
మా ఆయనకి తెలుసు. షెడ్డు మేస్త్రీకి తెలియదు.
తెలిస్తే రంపం దగ్గర్నుంచి
రాతిముక్కలు ఏరే పనికి,
అక్కణ్ణుంచి ఇంటికి.

రోడ్లు మూసిన నెలలో
మందులషాపు షట్టరు కింద జానెడు సందు.
చీటీ లోపలికి పోయేది,
'స్టాకు లేదు' బయటికి వచ్చేది.
ఉన్న పదకొండూ చాప మీద పరిచాను.
సగం చేస్తే ఇరవైరెండు రోజులు.
సగం చేయకూడదన్నాడు డాక్టరు, ఫోనులో.
"ఇది ఉన్నోళ్ళకి ఆ రోగం ఎక్కువ అంటుకుంటుందా సార్?"
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"ఇది ఉందని అది వెతుక్కుంటూ రాదనే అనుకుంటున్నానమ్మా.
వస్తే మాత్రం జ్వరం తెస్తుంది.
జ్వరమొస్తే ఇది లేవచ్చు.
మాత్ర ఆపబాక.
అంతకు మించి నాకూ పూర్తిగా తెలియదు."
తెలియదన్న డాక్టర్ని
మొదటిసారి నమ్మాను.

శ్రావణంలో వచ్చింది జ్వరం.
అంబులెన్సు ఎక్కుతుంటే
వీధి తలుపులన్నీ ఒక్కసారే మూసుకున్నాయి.
ఒక తలుపు వెనక ఎవరో ఏడ్చారు,
మా వదినే అయ్యుంటుంది.

జూనియర్ కాలేజీలో నలభై మంచాలు.
మధ్యలో దుప్పటి తెర,
ఇవతల ఆడోళ్ళం, అవతల మగోళ్ళు.
నల్లబల్ల మీద ఇంకా సగంలో ఆగిన లెక్క.
తెల్ల ప్లాస్టిక్కు తొడుక్కున్న కుర్రాడు
అట్టకి కాగితం గుచ్చుకుని వచ్చాడు.
పేరు? దూదేకుల హుసేనమ్మ.
వయసు? ముప్పై ఆరు.
షుగరు? లేదు. బీపీ? లేదు.
ఆయాసం? పలకల పని, ఉంటుందిగా.
ఆరో గడి: ఇంకేదైనా జబ్బు?

ఇరవైమూడేళ్ళు 'లేదు' అన్న నోరు.
మెల్లగా అన్నాను.
"ఏంటమ్మా?"
మళ్ళీ అన్నాను, గుడ్డ లోపల.
"వినపడలా. గట్టిగా చెప్పు."
ముఖానికి అద్దం, చెవుల మీద ప్లాస్టిక్కు,
పాపం వాడికి మాత్రం ఎట్టా వినబడుద్ది?
"మూర్ఛ!" అని అరిచాను.
"మూర్ఛ నాయనా, ఫిట్సు, చిన్నప్పట్నుంచీ!"

నలభై దగ్గులు ఆగాయి.
కుర్రాడు తల ఎత్తలేదు.
వత్తు ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం ఆలోచించి రాసుకున్నాడు.
"మాత్రలు తెచ్చుకున్నావా? ఎన్నింటికి వేస్తావు?"
అంతే.
ఇంత కొండని మోసుకొస్తే
వాడడిగింది టైము.

ఆ రాత్రి పక్క మంచం పేరమ్మత్త పడుకోలేదు.
"నువ్వు పడితే ఏం చేయాలే?
తాళాలు కూడా లేవు నా కాడ."
తాళాలొద్దత్తా. పక్కకి తిప్పు.
తల కింద చీర మడిచి పెట్టు.
నోట్లో ఏమీ పెట్టబాక.
ఎంతసేపో గడియారం చూడు.
"చూడటం రాదే."
అంకెలు లెక్కపెట్టు అయితే.
తెల్లార్లూ లెక్కపెడుతూనే ఉంది,
నేను పడకపోయినా.

పొద్దున తెర కింద
ఆ కుర్రాడి బూట్లు ఆగాయి.
అవతల ఎవరో పిల్లాడు,
గొంతు ఇంకా విరుగుతున్నవాడు, కనిగిరి వైపు యాస,
ఏదో గొణిగాడు.

"వినపడలా."