చుట్టు కలపని దూరం

మామునూరు కాడ ఎక్కింది షహనాజ్,
మూడు కాళ్ల స్టాండును చంకల ఇరికించుకొని,
పచ్చటి పెట్టెను పసిబిడ్డ తీరుగ ఒడిల పెట్టుకొని.
ఆధార్ కార్డు చూపింది.
సున్నా టికెట్ కొట్టిన.
"ఎక్కడిదాకా?"
"బసంత్‌నగర్ మేడం. ఆడ గూడ గిసొంటిదే ఒకటున్నదట,
విమానం దిగని విమానాశ్రయం."

మాది తొర్రూరు డిపో బస్సు.
వాకిట్ల సాన్పు చల్లకముందే లేస్తది,
గోదావరిఖని చేరేసరికి నీడ కాళ్లకిందికొస్తది.

"గాలిల కొలిస్తే తొంబై కిలోమీటర్లు,
చిన్న విమానమైతే ఇరవై నిమిషాలు,"
అన్నదా పిల్ల, ఫోన్ల ఒక సన్నటి గీత చూపించుకుంట.
గీత సక్కగ ఉన్నది.
దాని మీద ములుగు రోడ్డు సిగ్నల్ లేదు.
హుజూరాబాద్‌ల డ్రైవర్ కట్టయ్య తాగే చాయ్ లేదు.
అలుగునూరు వంతెన రాంగనే
మానేరుల నీళ్లెన్నని
కిటికీలకు ఒరిగే తలకాయలు లేవు.

ఇరవై నిమిషాలంటే నాకెరుకైంది గింతే:
హన్మకొండ చౌరస్తా దాటనీకె పట్టేది,
అయిదువందల నోటుకు చిల్లర పుట్టనీకె పట్టేది,
రాత్రంత డయాలసిస్ మిషన్ కింద పండి
ఎంజీఎం కాడ ఎక్కిన సింగరేణాయన
ఒక్కపారి కండ్లు మూసి తెరిచేది.
"ఎల్కతుర్తి వచ్చిందా?"
ఇంకా రాలేదన్నా.

వెనక సీట్ల గుండేటి ఓదెలు.
మోకాళ్ల నడుమ మందుల సంచి.
నిద్రపోతున్నడనుకున్న అప్పటిదాకా.
"ఆ లెక్కల చుట్టు కలిపినవా బిడ్డా?"
"ఏం చుట్టు తాతా?"
"సిమెంటు కంపెనోళ్ల విమానం వచ్చేది మాకాడికి,
తెల్లది, కింది నుంచి చూస్తె తూనీగంత.
వచ్చినట్టె దిగకపోయేది,
ఆకాశంల ఒక పెద్ద చుట్టు తిరిగేది.
ఎందుకంటవు?
కింద నా మేకలు.
నలభై రెండు.
ఊరంత గడ్డున్నా
ఆ తారు పగుళ్లల్ల మొలిచిందే తీపి వాటికి.
తువ్వాల ఊపుకుంట ఉరికేది నేను,
ఒకటి ఇటు తొలిగితె రెండు అటు సొచ్చేటియి.
ఓనాడు నల్లది ఆన్నే ఈనింది.
మూడు చుట్లు తిరిగిండు పాపం, పైలట్."

బస్సంత నవ్వింది.
కట్టయ్య హారన్ కొట్టిండు, ఊకెనే.
షహనాజ్ నవ్వలేదు.
"ఒక్క చుట్టుకు ఎంతసేపు తాతా?"
"మా అమ్మ ఎసట్ల నూకలు పోసి
పొయ్యిల కట్టె ఎగదోసేంత."
ఆ పిల్ల ఫోన్ దిక్కు చూసింది.
ఆ కొలత అందుల లేదు.

బసంత్‌నగర్‌ల ఇద్దరూ దిగిన్రు.
ముసలాయన స్టేజీ పెద్దపల్లిదే, ముందే దాటింది.
అడిగితే మిగిలిన దూరానికి పైసలు తీసి ఇచ్చిండు,
మారు మాట లేకుంట.
అద్దంల చూసిన:
తువ్వాల భుజం మీంచి తీసి
తుమ్మల దిక్కు చూపించుకుంట ఆయన ముందర,
స్టాండు మోసుకుంట ఆమె ఎనక.

రాత్రి డిపోల వే బిల్లు రాసేముందు
సీట్లు చూసుకుంటుంటె దొరికింది సున్నా టికెట్.
ఎనక పెన్నుతోని తొంబై అని, ఇరవై అని,
పక్కన ఒక గుండ్రటి గీత.
ముందు సున్నా అనుకున్న.
కాదు.
మొదలైన కాడికి ముట్టలేదది.
చివరన కొంచెం తెరిచిపెట్టింది,
మేకలు పోయేటంత.